అమ్మగారి నిద్రమాత్ర రేపటి నుంచే ఆపేయకండి

మీ అమ్మగారికి 72 ఏళ్లు, ఏళ్ల తరబడి రాత్రిపూట ఆల్ప్రజోలం 0.5 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నారు, ఈమధ్య బాత్‌రూమ్‌కి వెళ్తూ తూలి పడబోయారు, మీ తమ్ముడేమో వెంటనే మాన్పిద్దాం అంటున్నారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్నేళ్లు వాడిన మందు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, గుండెదడ, నిద్ర అసలు పట్టకపోవడమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. అది ప్రాణం మీదికే తెస్తుంది.

అలాగని తూలడాన్ని వదిలేయొద్దు. ఈ వయసులో ఈ మందు తొందరగా ఒంట్లోంచి పోదు. పడితే తుంటి ఎముకకే ప్రమాదం. అందుకే తగ్గించడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

గుంటూరులోనే ఉన్నారు కాబట్టి జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. బీపీ, షుగరు, నొప్పుల మాత్రలతో సహా అన్నీ సంచిలో వేసుకెళ్లండి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5–10 శాతం చొప్పున తగ్గిస్తారు. ఇబ్బందైతే కొన్నాళ్లు అదే డోసు మీద ఉంచుతారు. నెలలు పట్టినా కంగారు పడకండి.

అన్నిటికంటే ముందు అమ్మగారు ఒప్పుకోవాలి. కెనడాలో 65 దాటినవారికి ఈ మందుల గురించి వివరంగా రాసిన చిన్న పుస్తకం ఇచ్చి చూశారు. 2014లో అచ్చయిన ఫలితాల ప్రకారం ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు, అది అందనివారిలో 5 శాతమే. కాబట్టి ఆవిడ పక్కన కూర్చుని అన్నీ చెప్పండి, నిద్ర పట్టదేమోనన్న టెన్షన్‌ని కొట్టిపారేయకండి. ఈలోగా సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.