టెక్ సందేహాలు: ఆపద వేళ క్యాంపస్ డేటా, హెచ్చరికలు

ప్రశ్న: మా విభాగం సర్వర్‌లో రెండు డిస్కులు మిర్రర్ పద్ధతిలో (ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా) ఉన్నాయి. ఫోల్డర్లన్నీ క్లౌడ్‌తో సింక్ అవుతుంటాయి. అగ్నిప్రమాదమో వరదో వస్తే మా పరిశోధన డేటా భద్రమేనా? – ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: పూర్తిగా భద్రమని చెప్పలేను. ఒక డిస్కు చెడిపోతే మిర్రర్ ఆదుకుంటుంది గానీ, ఎవరైనా పొరపాటున ఫైలు తొలగిస్తే రెండో డిస్కులోనూ అప్పటికప్పుడే పోతుంది. ఫైళ్లను తెరవనీయకుండా చేసి డబ్బు డిమాండ్ చేసే ర్యాన్సమ్‌వేర్ సోకినప్పుడు సింక్ కూడా పాడైన ఫైళ్లనే క్లౌడ్‌కు చేరుస్తుంది. పాత వెర్షన్లను క్లౌడ్ కొంతకాలం దాచినా, ఆ గడువు ముగిశాక నష్టం బయటపడితే చేయగలిగింది ఉండదు.

అందుకే మూడు ప్రతులు, రెండు రకాల స్టోరేజ్, వాటిలో ఒకటి వేరే ప్రాంతంలో అనే నియమాన్ని పాటించండి. అదే క్యాంపస్‌లోని పక్క భవనం వేరే ప్రాంతం కిందకు రాదు. వరద రెండింటినీ ముంచుతుంది. ఒక ప్రతిని బ్యాకప్ పూర్తికాగానే నెట్‌వర్క్ నుంచి విడదీయడం కూడా తప్పనిసరి.

బ్యాకప్ వ్యవస్థే ముప్పుగా మారిన సందర్భమూ ఉంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్‌లో, పాత లాగ్ ఫైళ్లను (కంప్యూటర్ చేసిన పనుల నమోదులను) తొలగించే బ్యాకప్ స్క్రిప్టు, అంటే ఆదేశాల ఫైలు, నడుస్తుండగానే దాని స్థానంలో కొత్త స్క్రిప్టును పెట్టారు. సగంలో మారిన ఆ స్క్రిప్టు లాగ్ ఫైళ్లకు బదులు పరిశోధకుల ఫైళ్లను తొలగించడంతో సుమారు 77 టెరాబైట్ల డేటా పోయింది. కొన్ని బృందాల ఫైళ్లను తిరిగి తేవడం సాధ్యం కాలేదు.

కాబట్టి ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి బ్యాకప్‌లోని ఏదో ఒక ఫోల్డర్‌ను ఎంచుకొని, దాన్ని సర్వర్‌తో సంబంధం లేని మరో కంప్యూటర్‌లోకి రిస్టోర్ చేసి (తిరిగి తెచ్చి), ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో, మొత్తం ఎంత సమయం పట్టిందో రాసిపెట్టుకోండి. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని) బ్యాకప్ పాస్‌వర్డ్ అదే సర్వర్‌లో ఉంటే, సర్వర్ పోయిన రోజున ఆ ప్రతి చేతిలో ఉన్నా తెరుచుకోదు. ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలరో విభాగమంతా కూర్చొని తేల్చుకుంటే, బ్యాకప్ ఎంత తరచుగా జరగాలో దానంతటదే తెలుస్తుంది.

ప్రశ్న: అత్యవసర హెచ్చరికలకు మేం వాట్సాప్ గ్రూపులు వాడుతున్నాం. ఇవి చాలవా? – హాస్టల్ నిర్వహణ బాధ్యురాలు

జవాబు: చాలవండి. కరెంటు పోతే వైఫై రౌటర్లు, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఆగిపోతాయి. అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే మొబైల్ నెట్‌వర్క్ కూడా కిక్కిరిసిపోతుంది. పైగా చాలామంది గ్రూపులను మ్యూట్‌లో ఉంచుతారు. అందువల్ల ఎస్సెమ్మెస్, ఈమెయిల్, బ్యాటరీతో పనిచేసే లౌడ్‌స్పీకర్లు, అంతస్తుకొక బాధ్యుడు – ఇలా ఒకటి ఆగినా మరొకటి పనిచేసేలా మార్గాలు ఉండాలి. స్విచ్‌లకు యూపీఎస్ పెట్టించి, బ్యాటరీ నిజంగా ఎన్ని నిమిషాలు నిలుస్తుందో కరెంటు తీసి పరీక్షించండి.

సందేశం పంపడంలో జాప్యం మరింత ప్రమాదకరం. అమెరికాలోని వర్జీనియా టెక్‌లో 2007 ఏప్రిల్ 16న మొదటి కాల్పులు ఉదయం సుమారు 7.15కు జరిగితే, క్యాంపస్ మొత్తానికి తొలి ఈమెయిల్ వెళ్లింది 9.26కు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే రెండో చోట కాల్పులు మొదలయ్యాయి. ఆ రోజు హంతకుడి చేతిలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. ఎవరి అనుమతీ కోరకుండా హెచ్చరిక పంపే అధికారం ఏ ఏ ఉద్యోగులకు ఉందో ముందే రాతపూర్వకంగా నిర్ణయించండి. ఏం జరిగింది, ఎక్కడ, ఇప్పుడు ఏం చేయాలి అనే మూడు అంశాలతో అగ్నిప్రమాదానికి, వరదకు, గ్యాస్ లీకుకు సందేశాలను సిద్ధంగా ఉంచితే స్థలం పేరు చేర్చి పంపేయవచ్చు.

ప్రశ్న: లాగిన్ కోడ్‌లన్నీ నా ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్‌లోనే వస్తాయి. ఖాళీ చేయించే హడావుడిలో ఫోన్ పోతే ఎలా? – ఒక అధ్యాపకుడు

జవాబు: ఖాతా సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో, ఫోన్ లేకున్నా లాగిన్ కావడానికి పనికొచ్చే రికవరీ కోడ్‌లు ఉంటే ఈరోజే ప్రింట్ తీసి ఇంట్లో భద్రపరచండి. ఒక్కో కోడ్ సాధారణంగా ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి వాడిన దాన్ని కొట్టివేయండి. విభాగం ఉమ్మడి ఖాతాలకైతే కనీసం ఇద్దరికి వేర్వేరుగా అడ్మిన్ హక్కులు ఇప్పించండి.