జలోదరంలో ఉన్నది జలమేనా?

సందేహం: మా అత్తయ్యకు కొద్ది వారాల్లోనే పొట్ట బాగా ఉబ్బింది. సూదితో తీస్తే నీరు పాలలా తెల్లగా వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాక లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. చుట్టాలకు మెసేజ్ పెడుతూ ‘జలోధరం’ అని రాశాను. అది సరైన మాటేనా? తెల్లటి ద్రవాన్ని జలం అనొచ్చా? ‘నీరు పట్టింది’ అనాలా, ‘నీరు చేరింది’ అనాలా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ముందుగా, మీ అత్తయ్యగారు త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.

జల, ఉదరం కలిస్తే గుణసంధి వల్ల ‘జలోదరం’ అవుతుంది. ద కు ఒత్తు లేదు. సహోదరుడు అన్న మాటలో ఉన్నదీ ఈ ఉదరమే.

ఇక తెల్లటి ద్రవం సంగతి. ఒంట్లో ఊరే ద్రవాలను నీరు అనడం మన భాషకు కొత్త కాదు. కన్నీరు ఉప్పగా ఉంటుంది, ఉమ్మనీరు బిడ్డను కాపాడుతుంది, బొబ్బ చిదిపితే వచ్చేదీ నీరే. వీటిలో ఏదీ వట్టి నీళ్లు కాదు. కాబట్టి పాలలా ఉన్నా జలోదరం అనడంలో తప్పు లేదు. డాక్టర్లు వాడే ‘ఎసైటిస్’ గ్రీకు ‘అస్కోస్’ నుంచి వచ్చింది. దానికి అర్థం తోలుతిత్తి. వాళ్లు నిండిన సంచిని చూశారు, మనవాళ్లు సంచిలో ఉన్నదాన్ని చూశారు. లింఫోమాలోని ‘లింఫ్’కు మూలమైన లాటిన్ మాటకు కూడా తేటనీరు అనే అర్థం.

ఆ తెలుపు ఎక్కడిదో తెలిస్తే మాట ఎంచుకోవడం సులువు. తిన్న కొవ్వును పేగుల నుంచి రక్తంలోకి చేర్చేవి లింఫ్ నాళాలు. ఆ నాళాల్లో పారే రసమే లింఫ్. కొవ్వు కలిస్తే అది పాలలా ఉంటుంది. లింఫోమాలో కడుపు లోపలి లింఫ్ గ్రంథులు వాచి దారికి అడ్డుపడితే, ఆ రసం కారి పొట్టలో చేరవచ్చు. మెడలోనో గజ్జల్లోనో అయితే ‘బిళ్ళ కట్టింది’ అని చేతికి తెలిసిపోతుంది. పొట్ట లోతుల్లో కట్టిన బిళ్ళ అలా తెలియదు, అందుకే ఒక్కోసారి ఈ నీరే మొదట బయటపడుతుంది. పాఠ్యపుస్తకాలు లింఫ్‌ను ‘శోషరసం’ అంటాయి. శోషించడం అంటే పీల్చుకోవడం కనుక మాట మంచిదే. కానీ మామూలు పాఠకుడికి ‘శోష వచ్చి పడిపోవడం’ గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లకు రాసేటప్పుడు లింఫ్ అనే రాయండి.

‘పట్టు’, ‘చేరు’ రెండూ వాడుకలో ఉన్నాయి. అయినా తేడా ఉందని నా అభిప్రాయం. తుప్పు, బూజు, చెమట పడతాయి, అంటే ఉన్నచోటనే అంటుకుని ఉంటాయి. కాళ్లు వాచి, నొక్కితే గుంట పడుతుంటే ‘నీరు పట్టాయి’ అనడం అందుకే అతుకుతుంది. ‘చేరు’లో మరోచోటి నుంచి రావడం, వచ్చి నిలవడం ఉన్నాయి. పొట్టలోని ఖాళీలోకి వచ్చినదానికి అదే తగిన క్రియ.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. జలోదరం లక్షణం పేరు, రోగం పేరు కాదు. ఎక్కువగా అది కాలేయం చెడినప్పుడు వస్తుంది. మీరు వట్టి ‘జలోదరం’ అని రాస్తే చుట్టాలు కాలేయం జబ్బే అనుకుని, లేనిపోని ప్రశ్నలతో మీకు టెన్షన్ పెంచుతారు. ‘అత్తయ్యకు లింఫోమా వల్ల పొట్టలో పాలలాంటి నీరు చేరింది’ అని రాయండి.