పెట్రోల్ మానేద్దామంటున్న అమ్మాయికి

చిరంజీవి బంగారు తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన కరపత్రం రెండుసార్లు చదివాను. "వచ్చే ఆదివారం ఒక్క చుక్క పెట్రోల్ కూడా కొనొద్దు, కంపెనీలు దిగిరావాలి" అని పెద్ద అక్షరాలతో బాగానే కొట్టించావు. నీ కోపం న్యాయమైనదే. జీతం అక్కడే ఉండి బండి ఖర్చు మాత్రం పెరుగుతుంటే ఎవరికైనా మండుతుంది. అయితే అచ్చం ఇలాంటి కరపత్రమే నీ వయసులో నేనూ పంచాను. అదేమైందో ముందు విను. అడ్డు తగులుతున్నానని మాత్రం అనుకోకు.

అప్పట్లో నేను మా యూనియన్‌లో జాయింట్ సెక్రటరీని. పెట్రోల్ ధర కొద్ది రోజుల తేడాలో రెండుసార్లు పెరిగింది. ఒక శుక్రవారం ఎవరూ బంకు మొహం చూడకూడదని తీర్మానం చేశాం. నోటుబుక్కు పట్టుకుని సీటు సీటుకీ తిరిగి సంతకాలు తీసుకున్నాం. ఇక గెలిచేశామనుకున్నాం. గురువారం సాయంత్రం ఇంటికెళ్తూ చూస్తే బంకు ముందు క్యూ రోడ్డు మీదికి వచ్చేసింది. స్కూటర్లు, కార్లు, చేతుల్లో డబ్బాలు పట్టుకున్నవాళ్లు. దగ్గరికెళ్లి చూస్తే సగం మంది మావాళ్లే. మా కోశాధికారి ట్యాంకు మూత చంకలో పెట్టుకుని, అంచు దాకా పోయించుకుంటూ, "ఏం చేస్తాం గురూ, రేపు కొనకూడదు కదా" అన్నాడు. ఇంకో సంగతి దాచను. నా బండీ రిజర్వులో ఉంది. నేనూ ఆ క్యూలోనే నిలబడ్డాను.

శుక్రవారం బంకు ఖాళీగా కనిపించింది. ఫొటోలు దిగాం. శనివారం పొద్దున్నే మళ్లీ క్యూ. ఆ తర్వాత బంకు ఓనర్ని కదిలిస్తే, వారం మొత్తం మీద అమ్మకం ఎప్పటిలాగే ఉందన్నాడు. పైప్ పట్టుకునే కుర్రాడికి మాత్రం శుక్రవారం కూలి ఇవ్వలేదు. వాడు నా బండికి గాలి కొడుతూ తలెత్తకుండానే అడిగాడు, "సార్, రేటు పెంచింది నేనా?" అని. రెండో టైరుకి గాలి కొట్టించుకోకుండానే వచ్చేశాను.

1999 ఏప్రిల్ 30న అమెరికాలోనూ ఇదే జరిగింది. ఆ రోజు ఎవరూ పెట్రోల్ కొనొద్దంటూ గొలుసు ఈమెయిళ్లు దేశమంతా తిరిగాయి. ధర మీద దాని ప్రభావం ఏమీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది? గురువారమో శనివారమో కొనేదాన్ని శుక్రవారం కొనకపోతే కంపెనీకి పోయేదేముంది, డబ్బు ఒకరోజు అటూ ఇటూ అవుతుంది అంతే. మనం తిరిగే కిలోమీటర్లు తగ్గలేదు కదా.

నిజంగా వాడకం తగ్గితే ఏమవుతుందో 2020లో లోకమంతా చూసింది. లాక్‌డౌన్లతో విమానాలు, కార్లు నిలిచిపోయాయి. బావుల్లోంచి చమురు వస్తూనే ఉంది, నిల్వ చేసే ట్యాంకులు నిండిపోతున్నాయి. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (సరుకు తర్వాత అందుకునేలా రేటు ముందే కుదుర్చుకునే ఒప్పందాలు) ధర సున్నా దాటి కిందికి పోయి, బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అంటే సరుకు తీసుకెళ్లేవాడికే ఎదురు డబ్బులిస్తామన్నారు. అలాంటి రోజులు మళ్లీ రావాలని ఎవరం కోరుకోంలే. కానీ చమురు ధర దేనికి లొంగుతుందో అక్కడ తెలుస్తుంది.

అంత భయంకరంగా కాకుండా, నెమ్మదిగా జరిగిన కథ ఇంకొకటుంది. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు ఎగుమతులకు కోత పెట్టాయి. 3 డాలర్ల దగ్గరున్న బ్యారెల్ కొన్ని నెలల్లోనే 12 డాలర్లకు చేరువైంది. 1979లో ఇరాన్ విప్లవం తర్వాత ఇంకా ఎగబాకింది. జనం ఏం చేశారు? తక్కువ తాగే చిన్న కార్లు కొన్నారు. చాలాచోట్ల కరెంటు కోసం చమురు మండించడం తగ్గించి బొగ్గుకో, గ్యాస్‌కో, అణువిద్యుత్తుకో మారారు. 1980ల మొదట్లో ప్రపంచ చమురు వాడకం వరసగా కొన్నేళ్లు తగ్గింది. ధర నిలబెట్టడానికి తన ఉత్పత్తిని తగ్గించుకుంటూ వచ్చిన సౌదీ అరేబియాకి చివరికి ఓపిక నశించి, కుళాయి బార్లా తెరిచేసింది. 1986లో ధర సగానికంటే కిందికి కూలిపోయింది. నన్నడిగితే పెట్రోల్ మీద జరిగిన అతి పెద్ద బాయ్‌కాట్ అదే. దానికి ఎవరూ కరపత్రం వేయలేదు, దాన్ని బాయ్‌కాట్ అని కూడా ఎవరూ అనలేదు.

ఇక నీ కరపత్రం రెండో పేజీలో ఉన్న ఐడియా. ఫలానా పెద్ద కంపెనీ బంకులకు అస్సలు వెళ్లొద్దు, మిగతావాళ్ల దగ్గర కొనుక్కుందాం అంటున్నావు. వినడానికి ఇది మొదటిదానికంటే తెలివైనదిలా ఉంటుంది. కానీ చమురు వ్యాపారంలో ఒకరి రిఫైనరీలో తయారైనది ఇంకొకరి బోర్డు కింద అమ్ముడవడం మామూలే. నువ్వు మానేసిన కంపెనీ దగ్గర సరుకు మిగిలిపోతుంది, నువ్వు కొత్తగా పోయే కంపెనీకి సరుకు చాలదు. చాలనివాడు మిగిలినవాడి దగ్గరే కొంటాడు. నీ డబ్బు చుట్టుతిరిగి అక్కడికే చేరుతుంది. మధ్యలో దెబ్బతినేది బోర్డు అద్దెకు తెచ్చుకున్నట్టు నడుపుకుంటున్న డీలరు, వాడి దగ్గర పనిచేసే కుర్రాళ్లు.

అలాగని బ్రాండ్ మీద బాయ్‌కాట్ ఎప్పుడూ పనిచేయదని చెప్పను. 1995లో షెల్ కంపెనీ బ్రెంట్ స్పార్ అనే పాత చమురు నిల్వ కట్టడాన్ని అట్లాంటిక్ సముద్రంలో ముంచేద్దామనుకుంది. పర్యావరణం కోసం పోరాడే గ్రీన్‌పీస్ సంస్థవాళ్లు దాని మీదికెక్కి కూర్చున్నారు. జర్మనీలో జనం షెల్ బంకులకు పోవడం మానేశారు. జూన్ 20న కంపెనీ ముంచడం మానుకుంటున్నానని ప్రకటించింది. ఎందుకు గెలిచారో చూడు. అడిగింది ఒకే ఒక్క పని. ఆ పని చేయడమో మానడమో పూర్తిగా షెల్ చేతిలో ఉంది. "ప్రపంచ ధర తగ్గించు" అని అడిగి ఉంటే ఆ కంపెనీ కావాలన్నా చేయగలిగేది కాదు.

ఆ కథలో నువ్వు జాగ్రత్త పడాల్సినవీ రెండున్నాయి. కోపంలో కొందరు బంకుల మీద దాడులు చేశారు, నిప్పు కూడా పెట్టారు. ఇంకొకటి, ఆ బ్రెంట్ స్పార్‌లో ఎంత చమురు మిగిలి ఉందన్న దాని మీద తాము చెప్పిన లెక్క తప్పని గ్రీన్‌పీసే ఆ సెప్టెంబర్‌లో ఒప్పుకుని క్షమాపణ చెప్పాల్సొచ్చింది. నీ కరపత్రంలో కంపెనీల లాభాల అంకె ఒకటి వేశావే, అది ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. వాట్సాప్‌లో వచ్చిందైతే తీసేయ్. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా తొమ్మిదీ ఎవరూ నమ్మరు.

ధరల మీదే జరిగిన బాయ్‌కాట్ కావాలంటే మొరాకో చూడు. 2018 ఏప్రిల్ 20న మొదలైంది. మూడు సరుకుల్లో ఒక్కో పెద్ద బ్రాండ్ ఎంచుకున్నారు: పెట్రోల్, పాలు, నీళ్ల సీసా. అప్పటికే అక్కడ పెట్రోల్ రేటు మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు కాబట్టి, కంపెనీలు ఎక్కువ మార్జిన్ వేసుకుంటున్నాయన్న ఫిర్యాదుకు అర్థముంది. అయితే ముందుగా దిగొచ్చింది పాల కంపెనీ. దాని మాతృసంస్థ డానోన్ అధిపతి స్వయంగా ఆ దేశం వచ్చి జనంతో మాట్లాడాడు, ఆ తర్వాత పాల ధర తగ్గించారు. పాలు నిల్వ ఉండవు. పెట్రోల్ ట్యాంకులో పడుండగలదు, అదీ తేడా. ఈలోగా కంపెనీ రైతుల దగ్గర కొనే పాలలో 30 శాతం కోత పెట్టింది. గెలిచిన పోరాటంలో కూడా దెబ్బ ముందు ఎవరికి తగిలిందో గమనించు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు విషయం. ఎవరిని ఏమడుగుతున్నావో ముందు తేల్చుకో. బంకు రేటులో ముడిచమురు, శుద్ధి ఖర్చు, రవాణా, పన్ను, డీలరు కమిషన్ కలిసి ఉంటాయి. పన్ను పెరిగి రేటు పెరిగితే బంకు మానేసి లాభం లేదు, ఆ పన్ను వేసినవాళ్ల తలుపు కొట్టాలి. ముడిచమురు పెరిగి పెరిగితే దాన్ని ఆపగల మనిషి మీ ఊళ్లో ఉండడు. ఇక అమ్మేవాడి మార్జినే కారణమైతే, అప్పుడు బాయ్‌కాట్‌కి పదునుంటుంది. అది కనిపెట్టే గుర్తొకటి చెప్తాను. ధరలు పెరిగేటప్పుడు రాకెట్లలా లేస్తాయి, తగ్గేటప్పుడు ఈకల్లా దిగుతాయి. ఇది నా మాట కాదు, ఆర్థికవేత్తలు దీనికి "రాకెట్లు, ఈకలు" అనే పేరు పెట్టి మరీ చదివారు. అందుకని అందరూ రేటు పెరిగిన రోజు రోడ్డెక్కుతారు, నువ్వు ముడిచమురు పడిపోయి కూడా బంకు బోర్డు మారని రోజుల కోసం కాచుకో. పన్నేమైనా పెంచారేమో ముందు చూసుకో. పెంచలేదంటే అమ్మేవాడి దగ్గర ఇవ్వడానికి డబ్బుందని అర్థం. అప్పుడు అడిగితే వాడికి చెప్పడానికి సాకుండదు. రేట్లు స్వేచ్ఛగా నిర్ణయించుకునే చోటే ఇది కుదురుతుంది సుమా.

రెండోది, మానేయమన్నప్పుడు దానికి బదులేమిటో నువ్వే చూపించాలి. అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో తెల్లవాళ్లకి వేరే సీట్లన్న వివక్షకు ఎదురుతిరిగి నల్లజాతివాళ్లు చేసిన బస్సుల బాయ్‌కాట్ గురించి చదివే ఉంటావు. 1955 డిసెంబర్ 5న మొదలై 381 రోజులు నడిచింది. అందరూ ఉపన్యాసాల గురించి చెప్తారు, నాకైతే ఆ ఏర్పాట్లే ఆశ్చర్యం. మొదట్లో నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీ 10 సెంట్లే తీసుకుని ఎక్కించుకున్నారు. కనీస చార్జీ 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని అధికారులు పట్టుబట్టారు. వెంటనే సొంత కార్లున్నవాళ్లు దాదాపు 300 కార్లతో సర్వీసు నడిపారు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ టైముకి అన్నది రాసిపెట్టుకుని నడిపారు. బీమా కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే లండన్‌లోని లాయిడ్స్ ద్వారా బీమా తెచ్చుకున్నారు. కోర్టు తీర్పు వచ్చేదాకా ఏడాది పైన జనం నిలబడగలిగింది ఈ ఏర్పాట్ల వల్లే. వాళ్లు పోరాడింది ఆత్మగౌరవం కోసం, నీది ఖర్చు గొడవ. రెంటినీ ఒక గాటన కట్టను. ఏర్పాట్లు మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకో.

అందుకని ఆదివారం ముచ్చట వదిలేయ్. ఒక నోటుబుక్కు తెరువు. సంతకాలు వద్దు, లీటర్లు రాయించు. మొదటి నెల ఎవరికీ ఏమీ మానమని చెప్పకు, ఎవరు ఎంత పోయించుకున్నారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాయమను చాలు. ఈ పని చాలామందికి విసుగు, సగం మంది రెండో వారానికే ఎగ్గొడతారు. మిగిలిన సగమే నీ మనుషులు. రెండో నెల నుంచి తగ్గించమను. ఒకే దారిలో పోయేవాళ్లని జతకట్టించు. నాలుగు పనులకి నాలుగుసార్లు కాకుండా ఒక్కసారి బయల్దేరమను. టైర్లలో గాలి చూసుకోమను (నాకిది చెప్పే హక్కు లేదనుకో). హైవే మీద కాస్త నిదానంగా పొమ్మను, వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది.

ఉదాహరణకి నెలకు 20 లీటర్లు వాడేవాళ్లు 300 మంది చేరారనుకో. నాలుగో వంతు తగ్గిస్తే నెలకు 1,500 లీటర్లు. ప్రపంచం రోజుకి దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతుంది, బ్యారెల్ అంటే 159 లీటర్లు. కాబట్టి మీ 1,500 లీటర్లకి చమురు ధర కదలదు, కదులుతుందని ఎవరికీ మాటివ్వకు. ఆ డబ్బు మాత్రం మీ జేబుల్లో ఉంటుంది, ధర తగ్గినా పెరిగినా. పైగా ఆ నోటుబుక్కు పట్టుకుని ఆఫీసువాళ్ల దగ్గరికి వెళ్లి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అడగొచ్చు. బస్సులు నడిపేవాళ్ల దగ్గరికెళ్లి, ఈ దారిలో ఈ టైముకి ఇంతమందిమి ఉన్నాం, బస్సెయ్యండి అనొచ్చు. వీళ్లు ఔననో కాదనో చెప్పగలిగేవాళ్లు. మేము అప్పట్లో చేసిన గోలకి అసలు ఎవరు జవాబు చెప్పాలో కూడా మాకు తెలియదు.

బండి మీదే బతికేవాళ్లని ఇందులోకి లాగకు. ఆటో నడిపేవాళ్లు, సరుకులు డెలివరీ చేసేవాళ్లు, రోజూ ఆసుపత్రికి తిప్పాల్సిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు. వాళ్లు బంకులో కనిపిస్తే ఎవరూ ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పు. ఇలాంటివి ఒకరినొకరు కాపలా కాసుకోవడంతోనే చెడిపోతాయి, నేను చూశాను.

మొదలుపెట్టే ముందు మీ బంకు డీలరుతో ఒకసారి కూర్చో. రేటులో ఏది ఎంతో, తనకి మిగిలేదెంతో అతనే చెప్తాడు. వీలైతే అక్కడ పైప్ పట్టుకునేవాళ్లతోనూ మాట్లాడు.

కరపత్రం తిరిగి పంపుతున్నాను. పెన్సిల్‌తో నాలుగుచోట్ల కొట్టేశాను, తేదీ ఉన్నచోట ఖాళీ వదిలాను. నోటుబుక్కులో మొదటి పేరు నాదే రాసుకో. పోయిన నెల నా వాడకం 11 లీటర్లు, 430 కిలోమీటర్లు. పాత బండి, నవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న