వ్యోమగాములకు భారరహిత స్థితిని నేల మీదే ఎలా అలవాటు చేస్తారు? మొదటి ప్రయాణంలో ఆ శిక్షణ నిజంగా పనికొస్తుందా?

నేను వ్యోమగామిని కాదు. కాకపోతే వాళ్ళ శిక్షణకు వాడే రకం విమానం ఒకసారి ఎక్కాను. ఆ ముక్క వరకు అనుభవంతో చెప్పగలను.

విమానం దాదాపు 45 డిగ్రీల కోణంలో ముక్కు పైకెత్తుతుంది. అప్పుడు మన బరువు 1.8 రెట్లు అవుతుంది, చెయ్యి లేపడమే పెద్ద పని. తర్వాత పైలట్ ఇంజన్ల జోరు తగ్గించి, విసిరిన రాయి వెళ్ళే దారిలో విమానాన్ని పోనిస్తాడు. విమానమూ మనమూ కలిసే పడుతుంటాం కాబట్టి బరువు తెలియదు. 20 సెకన్లు దాటిందో లేదో, మళ్ళీ 1.8 రెట్లు. మాకు ఇలా 15 సార్లు.

అందరూ తేలడం గురించే అడుగుతారు. నన్నడిగితే అందులో కష్టమేమీ లేదు. మొదటిసారి నేలకి చెయ్యి కాస్త ఆనించానంతే, వెళ్ళి సీలింగుకి తగిలాను. రెండోసారి గాలిలో ఈదబోయాను. ఎంత కొట్టుకున్నా ఉన్నచోటే! అసలు చిక్కంతా తలతో. బరువు పెరిగేటప్పుడు వెల్లకిలా పడుకుని ఒకే చోట చూస్తుండమని ముందే చెప్పారు. నాలుగోసారి పక్కనున్న మిత్రుడు నవ్వుతున్నాడని తల తిప్పాను. వెంటనే నోట్లో నీళ్ళూరాయి, చెమట పట్టింది. ఆ తర్వాత చాలాసేపు వాంతి సంచి చేత్తో పట్టుకునే ఉన్నాను. చెవి లోపల ఉండే సన్నని రేణువులు ఏది కింద, ఏది పైన అని మెదడుకి చెబుతుంటాయి. బరువు లేకపోతే అవి చెప్పేదొకటి, కళ్ళు చూసేదొకటి.

నీళ్ళలో శిక్షణ వేరే. హ్యూస్టన్‌లో నాసా కొలను 12 మీటర్ల లోతు. అందులో అంతరిక్ష కేంద్రం నమూనాలు ముంచి ఉంచుతారు. మునగకుండా, తేలకుండా సూటుకి బరువులు కట్టి గంటల తరబడి పని చేయిస్తారు. స్పేస్‌వాక్‌కి, అంటే అంతరిక్షంలో నౌక బయటికొచ్చి చేసే పనికి, ఇంతకన్నా మంచి సాధన లేదు. కానీ అక్కడ తేలేది సూటే, లోపలి మనిషి కాదు. తలకిందులైతే ఒంటి బరువంతా భుజాల మీద పడుతుంది, రక్తం తలకెక్కుతుంది. పైగా నీళ్ళు కదలికని ఆపేస్తాయి. అంతరిక్షంలో ఆపేది ఏదీ ఉండదు.

అందుకే పూర్తిగా అలవాటు చేసే మార్గం నేల మీద లేదు. మొదటి రెండు మూడు రోజులు సగానికి పైగా వ్యోమగాములకు వికారంగానే ఉంటుంది. ఒంట్లో ద్రవాలు పైకి చేరి ముఖం ఉబ్బుతుంది. యుద్ధ విమానాలు నడిపిన శుభాంశు శుక్లా కూడా 2025 జూన్‌లో వెళ్ళాక, పసిపిల్లాడిలా అన్నీ నేర్చుకుంటున్నానని చెప్పారు. శిక్షణ వల్ల వికారం పోదు. వికారంతోనే, తల కదపకుండా, చేతిలో పని పూర్తి చేయడం మాత్రం వస్తుంది.

తిరిగొచ్చాక ఆయన మంచం మీద నుంచి ల్యాప్‌టాప్‌ని పక్కనే గాలిలో వదిలేశారట, తేలుతుందనుకుని. అదృష్టం, కింద కార్పెట్ ఉంది.