చెరువు నిండితే గ్రౌండు లేదు: మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి

ప్రశ్న: చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో క్రికెట్ కాకుండా ఫుట్‌బాల్ క్లబ్బులు ఎక్కడైనా నిలిచాయా? మా ఊరి పిల్లలు ఒకటి మొదలుపెడతామంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిలిచాయి. మాదే ఒకటుంది. చంద్రగిరికీ పాకాలకీ మధ్య చిన్న పల్లె మాది. మా నాన్న వయసువాళ్లు మొదలుపెట్టారు, తర్వాత నేను ఆడాను, ఇప్పుడు మా అన్న కొడుకు ఆడుతున్నాడు. అయితే ఏడాది పొడుగునా ఆడే క్లబ్బు అనుకోకండి. మా గ్రౌండు చెరువు లోపల ఉంటుంది. నీళ్లుంటే ఆట లేదు, ఎండితేనే ఆట. మా క్లబ్బు బాగున్న రోజులైనా, మూతపడబోయిన రోజులైనా ఆ చెరువుతోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

తెలుగువాళ్ల ఫుట్‌బాల్ అనగానే అందరూ హైదరాబాద్ పేరు చెబుతారు. నిజమే, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు కోచ్‌గా ఉన్న రహీం సాబ్ చేతికింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. కానీ మా వైపు ఆట వచ్చిన దారి వేరు. చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. చదువుకైనా, ఆస్పత్రికైనా, ఉద్యోగానికైనా మావాళ్లు రైలెక్కితే వేలూరో మద్రాసో పోయేవాళ్లు. పెరంబూరులో 1955లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ పెట్టాక మా ఊరాయన ఒకరికి అక్కడ పని దొరికింది. ఆ చుట్టుపక్కల రైల్వే కాలనీల్లో ఫుట్‌బాల్ పిచ్చి బాగా ఉండేది. ఆయన పండక్కి లీవులో వస్తూ ఒకసారి బంతి పట్టుకొచ్చాడు. మేం ఆయన్ని పెరంబూరు తాత అనేవాళ్లం.

ఆ బంతి తోలుది, పైన లేసు కట్టేది. రూలు ప్రకారం బంతి బరువు 410 నుంచి 450 గ్రాముల మధ్య ఉండాలి. తోలు బంతి తడి పీలిస్తే అది ఎంతకు పోతుందో చెప్పలేం. లేసు ముడి నుదుటికి తగిలితే నక్షత్రాలు కనిపించేవని మా చిన్నాన్న ఇప్పటికీ చెబుతాడు. పంక్చరైతే అదో పెద్ద పని. లేసు విప్పి, బ్లాడర్ బయటికి లాగి, సైకిల్ షాపులో ప్యాచీ వేయించి, మళ్లీ లోపల సర్ది గాలి కొట్టాలి. కుట్లు ఊడితే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోవాలి. మా చెరువులో సర్కారు తుమ్మ విపరీతం. క్లబ్బు డబ్బులన్నీ ఆ ముళ్లకే ఖర్చయ్యేవంటే నమ్మండి.

ఇక గ్రౌండు. మా దిక్కు చెరువులకు ఎక్కువ నీళ్లొచ్చేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. సంక్రాంతికి అన్ని ఊళ్లలో టోర్నమెంట్లు పెడుతుంటే మా గ్రౌండు నీళ్లలో ఉండేది. కనుమకు అందరూ రంగంపేట పశువుల పండగ చూడటానికి పోతే మేమూ పోయేవాళ్లం, చేసేదేముంది. తూము తెరిచి వరికి నీళ్లు పారే కొద్దీ చెరువు పైభాగంలో నేల బయటపడుతుంది. అక్కడ మొదలుపెట్టి, నీళ్లు వెనక్కి పోయే కొద్దీ మేమూ గోల్ కర్రలు పెరుక్కుని కిందికి జరిగేవాళ్లం. ఏప్రిల్, మే వచ్చేసరికి ఆట చెరువు కట్ట కిందికి వచ్చేది. ఊరంతా కట్ట రాళ్ల మీద కూర్చుని చూసేవాళ్లు. అంత మంచి గ్యాలరీ తిరుపతిలో కూడా లేదని మా గొప్ప.

చెరువు నేల కట్టవైపు వాలుగా ఉంటుంది కదా, కట్టవైపు గోల్ కొట్టే జట్టుకు బంతి దానంతట అదే పరిగెత్తేది. టాస్ గెలిచినవాడు ఎప్పుడూ ఆ వైపే అడిగేవాడు. బయటి జట్లకు ఈ కిటుకు ఒక హాఫ్ అయ్యాక గానీ తెలిసేది కాదు. తెలిసేసరికి సైడ్లు మారేవి, కానీ అప్పటికి వాళ్లకు ఆయాసం. కట్ట దగ్గర ఒండ్రు నేల, ఎండితే నెర్రెలు. కాలు ఇరుక్కుంటే మడమ పోయినట్టే. అందుకే ఆటకు ముందు ట్రాక్టరుతో ఇసుక తోలి నెర్రెలు పూడ్చేవాళ్లం. గోల్‌కు సర్వి కర్రలు, గీతలకు ముగ్గుపిండి. వల మాత్రం నిజంగా వలే. చెరువులో చేపల వేలంపాట పాడినాయన చిరిగిపోయిన వల ఒకటి ఇచ్చాడు. ప్రాక్టీసు సాయంత్రం పాలు పోసి వచ్చాకే. పాల కేంద్రానికి క్యాను ఇవ్వకుండా బంతి ముట్టుకుంటే ఇంట్లో అన్నం ఉండదు.

చెరువు వల్ల ఇంకో మేలు జరిగింది. ఊరి మధ్యలో గుడి ముందు ఖాళీ జాగా ఉంది గానీ, ఎస్సీ కాలనీ పిల్లలు అక్కడికొచ్చి ఆడే పరిస్థితి ఆ రోజుల్లో లేదు. ఎవరి కయ్యలోనో, అంటే పొలంలోనో, ఆడాలంటే ఆ కయ్య గలాయన ఎవరిని రానిస్తే వాళ్లే ఆడాలి. చెరువు పోరంబోకు, ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందుకే మా జట్టులో మొదటి నుంచీ ఊరూ కాలనీ కలిసే ఉన్నాయి. అలాగని అంతా సవ్యంగా ఉందని చెప్పను. బిందె ఒకటే అయినా చాలాకాలం గ్లాసులు వేరుగా ఉండేవి. మా గోల్‌కీపర్ కాలనీవాడు. ఒకసారి వేరే ఊళ్లో టోర్నమెంటుకు పోతే అక్కడ అతనికి విడిగా గ్లాసు ఇచ్చారని మా కెప్టెన్ సెమీఫైనల్ ఆడకుండా జట్టును వెనక్కి తీసుకొచ్చేశాడట. అంత చేసి వచ్చాక సొంత ఊళ్లో రెండు గ్లాసులు పెట్టడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఇది నేను చూడలేదు, మా నాన్న చెప్పిందే. కాకపోతే నేను ఆడే నాటికి గ్లాసు ఒకటే.

నా వయసువాళ్లను ఆటలోకి లాగింది మాత్రం 1986 వరల్డ్ కప్పు. మెక్సికోలో మధ్యాహ్నం ఆట అంటే మనకు రాత్రి పదకొండున్నర. ఫైనల్ రోజు పంచాయతీ ఆఫీసు టీవీ ముందు చాపలేసుకుని, బొరుగులు, మిక్చరు కలుపుకుని కూర్చున్నాం. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంటే పశ్చిమ జర్మనీ సమం చేసింది. అంతలో మారడోనా పాసు, బురుచాగా గోల్. 3-2. ఆ ఏడాది నీళ్లొచ్చేదాకా చెరువులో ప్రతివాడూ మారడోనానే, డిఫెన్స్ ఆడేవాడే దొరకలేదు.

ఇక అసలు చిక్కు. వానలు బాగా పడితే గ్రౌండు ఉండదని చెప్పాను కదా. మరి కరువొస్తే క్లబ్బుకు పండగే అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. 2002 తర్వాత వరసగా వానలు లేక చెరువు ఎండిపోయింది. సంక్రాంతికి కూడా ఆడుకునేంత గ్రౌండు. కానీ ఆడటానికి మనుషులేరీ? బోర్లు ఎండి, చెనక్కాయ పంట పోయి, కుర్రాళ్లంతా ఊరు విడిచారు. ఒకడు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు, ఒకడు చెన్నైలో హోటల్ పని, ఇద్దరు తిరుపతి లాడ్జీల్లో. నీళ్లుంటే మనుషులుంటారు, గ్రౌండు ఉండదు. నీళ్లు లేకపోతే గ్రౌండుంటుంది, మనుషులుండరు. ఏ క్లబ్బు పుస్తకంలోనూ ఈ సమస్యకు జవాబు రాసి ఉండదు.

మాకు జవాబు చెప్పింది గంగ జాతర. మే నెలలో ఎక్కడున్నవాడైనా జాతరకు ఊరికొస్తాడు, చెరువు కూడా ఆ నెలకు దాదాపు ఎండి ఉంటుంది. మా టోర్నమెంటు జాతర వారానికి మార్చాం. పదకొండు మంది దొరకడం కష్టమని ఏడుగురితో ఆడే సెవెన్స్ పెట్టాం. క్లబ్బు బతికిందంటే ఈ రెండు మార్పుల వల్లే. కోచ్‌లు, కిట్లు, స్పాన్సర్లు అంటూ చాలామంది సలహాలిస్తారు. నా లెక్కలో వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది మీ ఊరి కుర్రాళ్లు ఏ నెలలో ఊళ్లో ఉంటారనేది.

రిజిస్ట్రేషన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. రాష్ట్ర సొసైటీల చట్టం 2001 కింద చేయించాం. కనీసం ఏడుగురు సభ్యులుండాలి, మన సెవెన్స్ జట్టు సరిపోతుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి, చందాల లెక్క చూపడానికి పనికొచ్చింది. అంతకుమించి మాకేమీ ఒరగలేదు. గ్రౌండు కోసం అర్జీలు పెట్టి పెట్టి విసిగి వదిలేశాం.

2015లో ప్రభుత్వం పెట్టిన నీరు-చెట్టు పథకం పనుల్లో మా చెరువులో పూడిక తీశారు. చెరువుకు మంచిదే, రైతులకూ మంచిదే. కానీ జేసీబీలు ఒక పద్ధతిగా తవ్వలేదు, ఒండ్రు మట్టి ఎక్కడ బాగుంటే అక్కడ ఎత్తుకుపోయారు. గ్రౌండు నిండా గుంతలు. ఆ నవంబర్‌లో వానలు దంచికొట్టి చెరువు నిండింది. వేసవిలో పైన నీళ్లు తగ్గినా గుంతల్లో నిలిచే ఉన్నాయి. లోతు తెలియని గుంతలు, బంతి కోసం పిల్లవాడు దిగితే ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. అప్పుడే చెరువులో పిల్లల ఆట ఆపేశాం, పెద్దవాళ్లం మాత్రం కట్ట దగ్గర మిగిలిన చదునులో ఆడేవాళ్లం. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి దగ్గరి రాయలచెరువు తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు కదా, ఆ రోజుల్లో మా చెరువు కూడా మొరవ, అంటే అలుగు, పారింది. క్లబ్బు కుర్రాళ్లే రాత్రంతా కట్ట మీద ఇసుక మూటలు వేశారు. మరుసటి ఏడాది జాతరకు కూడా గ్రౌండు తేలలేదు.

ఇప్పుడు పిల్లలు రియల్ ఎస్టేట్ వెంచర్లలో ఆడుతున్నారు. తిరుపతి ఇటువైపు పెరిగాక రోడ్డు పక్క కయ్యలన్నీ ప్లాట్లయ్యాయి. చదును చేసి, రాళ్లు నాటి, ఇళ్లు కట్టకుండా ఏళ్ల తరబడి వదిలేస్తారు. అంత చదునైన నేల మా తరం చూడనే లేదు. హద్దురాళ్లు మాత్రం ముట్టుకోకూడదు, వాటికి పాత టైర్లు తొడిగి ఆడతారు. హైస్కూలు ఆడపిల్లలు కూడా ఒక జట్టు కట్టారు. మగపిల్లల కంటే వాళ్లే టైముకు వస్తారని మా అన్న కొడుకు గొణుగుతుంటాడు.

మీ పిల్లలకు చెప్పండి: బంతి సింథటిక్‌ది కొనమనండి, రెండు కొనమనండి, పంపు సూది మాత్రం నాలుగైనా దగ్గరుంచుకోమనండి, అదే ఎప్పుడూ పోయేది. చందా లెక్క ప్రతి టోర్నమెంటు అయిన రాత్రే అందరి ముందూ చదివించండి. మా క్లబ్బు రెండుసార్లు చీలబోయింది, రెండుసార్లూ ఆట గురించి కాదు, లెక్క గురించే. జట్టు తయారయ్యాక వచ్చే జాతర వారంలో మా ఊరికి రండి. సెవెన్సే ఆడతాం, ఆఫ్‌సైడ్ లేదు, రిఫరీ మీవాడైనా మాకు అభ్యంతరం లేదు. టాస్ మాత్రం మా కట్ట మీదే వేస్తాం.