గీత వణికిన చోట ఆగు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ఫోన్‌లో అక్షరాలు నా కంటికి ఆనవు. అందుకని చౌరస్తాలో ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని మరీ చదివాను. షుగర్ మీద ఒకటి, బట్ట మీద చేర్యాల బొమ్మలు వేయడం మీద ఒకటి, మీ ముసలి కుక్క మోతీ మీద ఒకటి. వీటిలో ఏది పత్రికకు పంపమంటారు అని అడిగావు. ఏదీ పంపొద్దు, ఇప్పుడే వద్దు. మొహం ముడుచుకోకు, బాగాలేవని కాదు. ఒకే ఇంటిని మూడు ముక్కలు చేసి పంపావు, అదీ నా పేచీ.

షుగర్ వ్యాసంలో నువ్వు బొమ్మలు వేస్తావన్న సంగతే లేదు. బొమ్మల వ్యాసంలో నీకు జబ్బే లేదు. మోతీ వ్యాసంలోనైతే నువ్వే లేవు, ఏడుస్తున్న అమ్మాయి ఒకతి ఉంది, ఆమె ఎవరైనా కావచ్చు. కరీమాబాద్‌లో మీ ఇంట్లో పొద్దున ఆరింటికి జరిగేది ఇలా లేదు కదా. ఫోన్‌లో నువ్వే చెప్పావు: లేవగానే వేలు గుచ్చుకుని షుగర్ చూసుకుంటానని, మోతీ వెనక కాళ్ళు లేవట్లేదు కాబట్టి కడుపు కింద తువ్వాలు వేసి పైకెత్తి వాకిట్లోకి నడిపిస్తానని, ఇన్సులిన్ వేసుకుని, తిని, కాలేజీకి టైమయ్యేదాకా బొమ్మ ముందు కూర్చుంటానని. ఇదంతా చేసేవి ఆ రెండు చేతులే. నాకు ఆ చేతులు కావాలి.

ఉదాహరణకు ఆ వేళ్ళ సంగతే చూడు. అలవాటైన వాళ్ళెవరూ వేలి కొసన మెత్తటి చోట గుచ్చుకోరు, పక్కన గుచ్చుకుంటారు, అక్కడ నొప్పి తక్కువ. నీకు ఇంకో కారణం కూడా ఉండాలి, ఎందుకంటే కుంచె పట్టేది ఆ మెత్తటి చోటుతోనే. మరి ఏ వేలు ఏ రోజు? కుంచె పట్టే వేళ్ళను వదిలేసి ఎడమచేతి మీదే భారమంతా వేస్తావా? ఆ చేతికి చుక్కలు తేలాయా? నువ్వు రాయలేదు. 'రోజూ సూదులతో సహజీవనం' అని రాశావు. ఆ మాట ఎవరైనా రాస్తారు. ఏ వేలికి సెలవిచ్చావో నువ్వే రాయగలవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బొమ్మల వ్యాసం మూడో పేజీలో ఒక వాక్యం దాక్కుని ఉంది. నల్లగీత వేస్తుంటే చెయ్యి వణికి అమ్మవారి ముక్కు వంకరపోయిందని, అనుమానమొచ్చి మిషన్ పెట్టి చూస్తే షుగర్ 62కి పడిపోయి ఉందని. అంతే, ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టి మళ్ళీ నకాషీల, అంటే ఆ బొమ్మలు వేసే కుటుంబాల, చరిత్రలోకి వెళ్ళిపోయావు. నీ దగ్గరున్న అసలు సరుకు అదే. షుగరూ బొమ్మా మోతీ ముగ్గురూ ఒకే గదిలో ఉన్నది ఆ కాసేపే.

నెమ్మదిగా రాయి. ఖాదీ బట్టకు చింతగింజల గంజి, బియ్యపు గంజి, సుద్దమట్టి కలిపి పూతలు పూశావు. ఎండబెట్టావు. బొమ్మల వెనక ఎర్రరంగు వేశావు, మిగతా రంగులు నింపావు. అన్నీ అయ్యాక ఆఖరున సన్నకుంచెతో నల్లగీత. కళ్ళు, ముక్కు, నగలు అన్నీ ఆ గీతతోనే తేలతాయి, దానికి చెయ్యి కుదురుగా ఉండాలి. షుగర్ పడిపోతే పోయేది ఆ కుదురే. అంటే మిషన్ కన్నా ముందు నీకు బొమ్మ చెప్పింది. ఇంత మంచి విషయాన్ని ఒక్క వాక్యంలో తొక్కేస్తావా?

70 కన్నా తగ్గితే ఏం చేయాలో నేను నీకు చెప్పక్కర్లేదు. మూడు చెంచాల చక్కెర, 15 నిమిషాలు ఆగడం, మళ్ళీ చూసుకోవడం. ఆ 15 నిమిషాలు రాయి. చెమట ఎక్కడ మొదలైంది? నాకూ షుగరే కదా, పడిపోతే పై పెదవి మీద మొదలవుతుంది, ఆ తర్వాత ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద కోపం వస్తుంది. (మా ఆయన ఇప్పుడు నేను అరిస్తే జవాబివ్వడు, చక్కెర డబ్బా తెచ్చి ముందు పెడతాడు. ఒక్కోసారి నిజంగానే కోపమొచ్చి అరుస్తాను. అప్పుడూ చక్కెర డబ్బానే తెస్తాడు.) నువ్వు చక్కెర అరచేతిలో పోసుకుని తిన్నావా, నీళ్ళలో కలుపుకున్నావా? తడికుంచె ఎక్కడ పెట్టావు? గిన్నెలో రంగు గట్టిపడుతుంటే, లేచి కలపడానికి ఓపిక లేక చూస్తూ కూర్చున్నావా? ఆ ముక్కును తర్వాత సరిచేశావా, అలాగే ఉంచావా? ఇవన్నీ రాస్తే జబ్బు ఎంత కష్టమో నువ్వు ప్రత్యేకంగా చెప్పే పనే ఉండదు.

ఆ సమయంలోనే మోతీ లేచొచ్చి నీ పక్కన కూలబడిందని, 'నా షుగర్ పడిపోతే దానికి తెలిసిపోతుంది' అని మోతీ వ్యాసంలో రాశావు. అక్కడ నేను ప్రశ్న గుర్తు పెట్టాను. శిక్షణ ఇస్తే వాసనతో పసిగట్టే కుక్కలు ఉన్న మాట నిజమే. కానీ మోతీకి ఏ శిక్షణా లేదు, పదమూడేళ్ళు నిండాయి, చెవులు వినపడవని నువ్వే అన్నావు. అది నీ కోసం వచ్చిందా, నీ అరచేతిలో చక్కెర కోసం వచ్చిందా? నాకు రెండోదాని మీదే అనుమానం. రెండోదే అయితే దిగులుపడకు, చదివేవాళ్ళు నవ్వుతారు, నవ్విన తర్వాతే మోతీ మీద ప్రేమ పుడుతుంది. ఏదో ఒకటి తేల్చి చెప్పకు, జరిగింది రాసి వదిలెయ్.

మోతీ వ్యాసం కన్నీళ్ళతో మొదలవుతుంది. ఎందుకు బిడ్డా, మోతీ ఇంకా బతికే ఉంది కదా! దానికి ఇంకా ఇష్టాలున్నాయి, మొండితనం ఉంది. టైల్స్ మీద కాళ్ళు జారుతున్నాయని పాత చీరల బొంత పరిస్తే, బొంతను తప్పించుకుని టైల్స్ మీదే నడుస్తుందని, పడుకోవడానికి మాత్రం బొంతే కావాలంటుందని రాశావు చూడు, అలాంటివి ఇంకో నాలుగు తీసుకురా. 'గుడ్డిదైపోయింది' అని రాశావు, రెండు పేజీల తర్వాత అదే మోతీ మిద్దె మీద కోతిని చూసి మొరిగింది. ముసలి కుక్కల కళ్ళు నీలంగా మసకబారడం వేరు, శుక్లం వేరు. మొదటిదానితో చూపు పెద్దగా పోదు. జాలి ఎక్కువైనప్పుడు మనం సరిగ్గా చూడం, రాసేవాళ్ళకు అది పెద్ద ఇబ్బంది.

షుగర్ వ్యాసం మొదట్లో చరిత్ర ఒక పేరా పెట్టావు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి షుగర్ వచ్చిందని. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీదే ప్రయోగాలు చేసి ఇన్సులిన్ పట్టుకున్నారని. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారని. ఏళ్ళు సరిగ్గానే ఉన్నాయి, కానీ అక్కడ ఆ పేరా పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడినట్టే ఉంది. తీసి పొద్దున ఆరింటి దగ్గర పెట్టు. నువ్వు ఇన్సులిన్ పెన్ను తిప్పుకుంటుంటావు, గడప దగ్గర మోతీ పడుకుని ఉంటుంది. అంతకుముందు నీలాంటి పిల్లలకు కడుపు మాడ్చడం తప్ప వైద్యం లేదని, ఆ మందు కుక్కల మీదుగా వచ్చిందని అక్కడ రెండు వాక్యాల్లో చెప్పు. మోతీ ఆ చుట్టరికం తెలియకుండా గురక పెడుతుంటుంది. 'శునకజాతికి మనం రుణపడి ఉన్నాం' అని మాత్రం రాయకు, దండం పెడతాను.

జబ్బుల మీద మన దగ్గర వచ్చే రాతల్లో సగం ఏడుపు, సగం ప్రవచనం. నీ చివరి పేజీ మొత్తం ప్రవచనమే, అందుకే కొట్టేశాను. 'జీవనశైలి మార్చుకుంటే మనం షుగర్‌ను జయించవచ్చు' అట. నీది టైప్ 1. పదకొండో ఏట వచ్చింది. ఇన్సులిన్ తయారుచేసే కణాలను నీ ఒంట్లోని రోగనిరోధక శక్తే దెబ్బతీసింది, మిఠాయిలు తిన్నందుకు రాలేదు, నడక మానేసినందుకూ రాలేదు. నాది టైప్ 2, నలభై దాటాక వచ్చింది, గోళీలతో నడుస్తోంది. ఆ 'మనం'లో నువ్వూ లేవు, నేనూ లేను. పొద్దున భద్రకాళి బండ్ మీద మా నడక బ్యాచ్ ఉంటుంది, ఒకరి ఫాస్టింగ్ 140, ఒకరిది తిన్నాక 210, పరీక్ష మార్కుల్లా చెప్పుకుంటారు. కాకరకాయ రసం తాగితే గోళీలు మానేయొచ్చని ఒకాయన రోజూ చెప్తాడు. ఆయన గోళీలు మానలేదు. ఎప్పుడైనా పొద్దున్నే వచ్చి ఆ మాటలు విను, ప్రవచనం రాయడం దానంతటదే ఆగిపోతుంది.

బొమ్మల్లోనూ అదే సంగతి. 'సంప్రదాయ కళను కాపాడుకోవాలి' అన్న వాక్యాన్నీ కొట్టేశాను. కాపాడుతున్నది చేర్యాలలో ఆ పనితోనే బతుకుతున్న కుటుంబాలు. కులపురాణాలు చెప్పేవాళ్ళ కోసం గజాలకొద్దీ పటాలు వేసిన వాళ్ళ వారసులు. నువ్వు సెలవుల్లో నేర్చుకున్నావు, జానెడు బట్ట మీద సరదాకు వేస్తావు. సరదాకే అని రాయి, అందులో సిగ్గేముంది? తిండికీ సూదికీ నిద్రకీ అన్నిటికీ టైం చూసుకోవాల్సిన మనిషికి టైం చూడకుండా చేసే పని ఒకటి ఉందంటే, అది చిన్న విషయం కాదు.

మీ మేనత్తకు ఒక్క పేరానే ఇచ్చావు, చాలదు. మేడారం జాతర నుంచి బంగారం (అక్కడ మొక్కు బెల్లాన్ని అలాగే అంటారు) తెచ్చి నీ చేతిలో పెట్టి, 'బెల్లమే కదా, చక్కెర కాదు కదా, ఏం కాదు తిను' అన్నది. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం తూకం వేయించి మొక్కు తీర్చుకున్న మనిషి. బెల్లం తిన్నా చక్కెర తిన్నట్టే పెరుగుతుందని నీకు తెలుసు, ఆమెకు తెలియదు. మరి ఆ ముక్క ఏమైంది? కళ్ళకద్దుకుని ఇన్సులిన్ లెక్క చూసుకుని తిన్నావా, దస్తీలో కట్టుకున్నావా, మోతీకి పెట్టావా? నీ పేజీలో అది ఇంకా నీ చేతిలోనే ఉంది.

'సంబంధాలు చూసేటప్పుడు షుగర్ మాట ఎత్తొద్దు' అన్నది కూడా ఈ అత్తేనని ఫోన్‌లో చెప్పావు, కాగితం మీదికి తేలేదు. ముసలి కుక్కకు ఇన్ని పైసలా అన్నదీ ఆమే. తీసుకురా. అయితే ఆమెను విలన్ చేయకు. జాతరలో అంత జనంలో ఆమె నీ పేరు మీద మొక్కింది, ఇంటికొచ్చి నీ జబ్బు దాచమంది. రెండూ ఒకే పేజీలో పెట్టు. పత్రికకు ఇచ్చే ముందు మీ అమ్మకు చదివి వినిపించు. అడ్డు చెప్తుందని కాదు, ఆమెకు గుర్తున్నది వేరేలా ఉంటుంది, అది కూడా నీకు పనికొస్తుంది.

రోజూ ఎంతసేపు రాయాలి అని అడిగావు. రాసే పుస్తకం నీ దగ్గర ఇప్పటికే ఉంది. తేదీ, షుగర్ ఎంత, ఎన్ని యూనిట్లు అని గళ్ళు గీసుకున్నావు కదా, కుడిపక్క చివరి గడి ఖాళీగానే ఉంటుంది. అందులో ఒక్క ముక్క రాయి. '62, ముక్కు వంకర.' '240, అత్త వచ్చింది.' '190, మామిడిపండు కోసి చెయ్యి కడగలేదు, కడుక్కుని చూస్తే 118.' మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఇన్సులిన్‌ను మట్టికుండలో పెట్టుకున్నామని చెప్పి, చిన్న సంగతి కదా అని వ్యాసంలోంచి తీసేశానన్నావే, అదీ ఆ గడిలో చేరాల్సిందే. చిన్నదో పెద్దదో అక్కడ లెక్కపెట్టకు. కథలూ కవిత్వమూ పుస్తకాలు చదవడమూ మామూలే, అది ఎవరైనా చెప్తారు.

రాతతో సంబంధం లేని మాట ఒకటి. సంచిలో షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ పెట్టుకుంటానన్నావు. వాటిలో కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మనకేం కాదు గానీ, కుక్క తింటే దాని ఒంట్లో ఒక్కసారిగా ఇన్సులిన్ ఊరి షుగర్ పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. సంచి మోతీకి అందని చోట తగిలించు.

ఇంకొకటి. మోతీ ఈమధ్య గిన్నెలకొద్దీ నీళ్ళు తాగుతోందని, రాత్రిళ్ళు బయటికి తీసుకెళ్ళమని గీరుతోందని రాసి, దానికి 'ముసలితనపు దాహం' అని పేరు పెట్టావు. వాక్యం బాగానే ఉంది, నాకు వాక్యంతో పని లేదు. నీకు పదకొండో ఏట మొదట కనిపించినవి కూడా ఈ రెండే కదా. కుక్కలకూ షుగర్ వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఇలాగే తాగుతాయి. నీళ్ళు మాత్రం తగ్గించకు. మీకు మామునూరు దగ్గరే, అక్కడ పశువైద్య కళాశాల ఉంది, వెళ్ళి అడుగు, లేదంటే దగ్గర్లో ఏ పశువుల డాక్టరుకైనా ఈ వారంలోనే చూపించు. పొద్దున మోతీ మొదటి మూత్రం చిన్న సీసాలో పట్టుకెళ్తే వాళ్ళకు పని తేలికవుతుంది. ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి. వ్యాసం వచ్చే నెల తిరగరాయొచ్చు.

మీ పెద్దమ్మ