జలియన్‌వాలాబాగ్‌లో సెల్ఫీ దిగితే తప్పేంటి?

తప్పే. "టికెట్టు కూడా లేని పార్కు, ఫోటో దిగితే ఎవరికి నష్టం?" అని అడిగారు కాబట్టి చెబుతున్నా. అయితే నా కోపం ఫోటోల మీద కంటే టూర్ ప్యాకేజీల మీద ఎక్కువ.

మేం విజయవాడ నుంచి ఉత్తరాది యాత్రకి వెళ్లాం. అమృత్‌సర్‌కి ఇచ్చింది ఒక్క రోజు. పొద్దున స్వర్ణ దేవాలయంలో మావాళ్లంతా చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని ఎంత బుద్ధిగా ఉన్నారో! అక్కణ్ణించి నాలుగడుగులేస్తే బాగ్. "ఇరవై నిమిషాలే, ఆలస్యమైతే వాఘా సరిహద్దు పరేడ్‌లో సీట్లు దొరకవు" అని మేనేజరు కేకలు.

తూటాల గోడ దగ్గర మా బస్సు పెద్దాయన ఒకరు మనవణ్ణి ఎత్తుకుని, "అందులో వేలు పెట్టి నవ్వరా కన్నా" అంటున్నారు. "ఈ బొక్కలేంటి తాతా?" అన్నాడు వాడు. "అప్పట్లో తెల్లోళ్లు కాల్చార్లే, ఇటు చూడు." నేనుండబట్టలేక, "వాడడిగింది ముందు చెప్పండి బాబాయిగారూ" అన్నా. "టైమెక్కడుందమ్మా, బస్సు పోతుంది!"

చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 1919 ఏప్రిల్ 13, వైశాఖి పండగ. బాగ్‌లో చేరిన జనం మీద బ్రిటిష్ సైన్యాధికారి డయ్యర్ సిపాయిలు పది నిమిషాల్లో 1650 రౌండ్లు కాల్చారు. సర్కారు లెక్కలో చచ్చిపోయింది 379 మంది, కాంగ్రెస్ లెక్కలో వెయ్యి దాకా. మరతుపాకులున్న మోటారు బండ్లు కూడా తెచ్చాడు, బాగ్‌లోకి వెళ్లే సందు ఇరుకై లోపలికి పట్టలేదంతే. పట్టుంటే ఎందరు పోయేవాళ్లో! అంత సాక్ష్యమున్న సందు గోడల నిండా, 2021లో బాగుచేసినప్పుడు, నవ్వుతూ నడిచే మనుషుల బొమ్మలు చెక్కించి పెట్టారు. పైగా సౌండ్ అండ్ లైట్ షో ఒకటి. అలా ముస్తాబు చేస్తే జనం ఫోటో దిగక ఏం చేస్తారు?

మనవైపు మాత్రం తక్కువా? హైదరాబాద్ గన్‌పార్క్‌లో 1969 తెలంగాణ ఉద్యమ అమరవీరుల స్తూపం ఉంది. దానికి దండ వేస్తూ కెమెరా వైపు చూసే నాయకుల్ని ఎవరూ ఏమీ అనరు, సెల్ఫీ దిగే కుర్రాళ్ల మీద మాత్రం అందరూ పడతారు.

మీరు వెళ్తే పొద్దున్నే, జనం రాకముందే వెళ్లండి. సందులోంచి నిదానంగా నడిచి, ఆ రోజు ప్రాణాలు కాపాడుకోవాలని జనం దూకిన బావి దగ్గర కాసేపు నిలబడండి. పిల్లలుంటే వాళ్లడిగినవన్నీ చెప్పండి. వాఘా మర్నాటికి పెట్టుకోండి. ఒక్క రోజే ఉందంటే వాఘా మానేయండి.